నిర్వాసితుడు చిట్టిబాబు

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో జనానికి సముద్రం మీద ప్రేమ లేదని మొట్టమొదట కనిపెట్టినవారు సాగరతీర వికాస మండలి అధ్యక్షులవారు. ఆయన ఏదో దేశం వెళ్ళి, అక్కడి హోటలు గదిలో మంచం పక్కన గాజుపెట్టెలో సముద్రాన్ని చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని తిరిగొచ్చారు. నిజానికి ఆయన ఆఫీసు గది కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రమే. కానీ ఆ కిటికీకి ఏసీ బిగించి చాలాకాలమైంది కాబట్టి ఆ సంగతి గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వచ్చిన వారంలోనే 'ఇంటింటా సముద్రం' పథకం పుట్టింది. మండలి సిబ్బంది క్వార్టర్లన్నిటికీ ఒక్కొక్క గాజుతొట్టె ఇచ్చారు. తొట్టెలో ఉప్పునీళ్ళు పోశారు. కొత్త జెట్టీ కోసం తవ్విన చోటినించి సముద్రపు రాళ్ళు తెచ్చి పేర్చారు. వాటి మధ్య మండలివారు మంజూరు చేసిన రంగుచేపల్ని వదిలారు. ఉద్యోగి ఆ చేపల్ని ప్రేమించాలి. ప్రేమిస్తున్నాడో లేదో చూడడానికి ఒక అధికారిని వేశారు. చేపలు పూర్తిగా ఉంటే ప్రేమ ఉన్నట్టు, తగ్గితే లేనట్టు. ప్రేమ లేనివాడికి క్వార్టరు ఉండదు.

ఈ చివరి ముక్క చదవగానే తవిటినాయుడి గుండె గుభేలుమంది.

తవిటినాయుడు మండలిలో ఆక్రమణల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. గట్టు మీద ఎవడు బడ్డీ పెట్టినా, ఇసకలో ఎవడు పాక వేసినా, ఖాళీ చేయమని నోటీసు రాసేది ఆయనే. ఊళ్ళో సగం మందిచేత ఇళ్ళు ఖాళీ చేయించిన ఆ మహానుభావుడు తను మాత్రం జీవితమంతా అద్దెకొంపల్లో ఈదాడు. ఒక ఇంటాయన గోడకి మేకు కొట్టొద్దన్నాడు. ఇంకొకాయన వంటింట్లో చేపల వాసన రాకూడదన్నాడు. మరొకాయన కుళాయి తిప్పిన చప్పుడు వింటే చాలు, మెట్ల మీద నిలబడి దగ్గేవాడు. చివరికి, తనకంటే ముందు వరసలో ఉన్నవాళ్ళంతా రిటైరయ్యాక, బి-బ్లాకులో కింద వాటా తవిటినాయుడికి దక్కింది. ఇంట్లో దిగిన రోజున ఆయన భార్య నీలవేణి సుత్తి పట్టుకుని గదిగదికీ తిరిగి, గోడలకి ఎక్కడ పడితే అక్కడ మేకులు కొట్టింది. తగిలించడానికి ఏమీ లేకపోయినా కొట్టింది. కొట్టి, మంచినీళ్ళు తాగి, హాయిగా పడుకుంది.

అలాంటి ఇల్లు ఇప్పుడు నాలుగు చేపల ఆయుష్షు మీద ఆధారపడింది.

ముందు పసుపుచారల చేప కనబడలేదు. రాళ్ళ వెనక దాక్కుందేమో అనుకున్నారు. తర్వాత నీలం చేప మాయమైంది. తొట్టె మీద మూత ఉంది, ఇంట్లోకి పిల్లి రాలేదు, కిటికీకి మెష్ ఉంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే మనుషులు కాబట్టి ఒకరినొకరు అనుమానించుకోవడం తప్ప దారి లేకపోయింది.

"ఆఫీసులో ఎవలికైనా ఇచ్చీసేరేటి?" అంది నీలవేణి.

"నువ్వేం పులుసు పెట్టీసేవేటి?" అన్నాడు తవిటినాయుడు.

ఆ మాటతో ఇంట్లో రెండు పూటలు పులుసే లేకుండా పోయింది.

అప్పుడప్పుడూ హాల్లోంచి 'టక్'మని ఒక చప్పుడు వినిపించేది. పక్కవాటా వాళ్ళు క్యారమ్స్ ఆడుకుంటున్నారనుకున్నారు. ఒక మధ్యాహ్నం నీలవేణి తొట్టె ముందు కూచుని బియ్యం ఏరుతోంది. అప్పటికి మూడోదీ పోగా మిగిలిన ఆఖరి చేప ఎడమవైపు రాయి దగ్గరికి వెళ్ళింది. రాతిలో ఉన్న చిన్న బొరియలోంచి కాడల మీద నిలబెట్టిన రెండు కళ్ళు బయటికొచ్చాయి. టక్. చేప లేదు. నీలవేణి చేతిలో చేట జారి బియ్యమంతా నేలపాలయింది.

సాయంత్రం తవిటినాయుడు చెప్పు కూడా విప్పకుండానే ఆవిడ మొదలుపెట్టింది. "అయ్యబాబోయ్, ఏటి చెప్పమంటారండీ! ఓ కన్ను చేపకేసి, ఓ కన్ను నాకేసి చూసిందండీ, ఒకేపాలి! అలగ చూడ్డం మా మేనత్త ఒక్కర్తికే చేతనవును."

ఇద్దరూ తొట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూచున్నారు. కాసేపటికి అది తీరిగ్గా బయటికొచ్చింది. బెత్తెడు పొడుగు. ఒళ్ళంతా పచ్చ, అంచుల్లో ఎరుపు, తోక విసనకర్రలా విచ్చుకుంది. ముందు చేతులు రెండూ గుండెలకి మడిచి, నమస్కారం పెడుతున్నట్టు నిలబడింది. తవిటినాయుడు అలవాటుకొద్దీ తిరిగి నమస్కారం పెట్టేశాడు.

నీలవేణి ఫోన్లో ఫొటో తీసి మార్కెట్టులో చేపలమ్మే సింహాద్రమ్మకి చూపించింది. "రొయ్యా కాదు, పీతా కాదు తల్లీ. వల్లో పడితే ఏలు సీల్చీసే దరిద్రం. పారీమను," అంది సింహాద్రమ్మ. ఆ గుర్తింపుతో తృప్తిపడక నీలవేణి రెండు రోజులు వంట మధ్యలో వీడియోలన్నీ చూసి, దీన్ని మాంటిస్ రొయ్య అంటారని తేల్చింది. పేరుకి రొయ్యే గానీ రొయ్యలతో దగ్గర చుట్టరికం లేదట. గొల్లభామ పురుగులాగ చేతులు మడుచుకుంటుంది కాబట్టి ఆ పేరట. వీటిలో రెండు రకాలట. మోచేతి దగ్గర గుండ్రంగా బొడిపె ఉంటే గుద్దే రకం, దువ్వెనలా ముళ్ళుంటే పొడిచే రకం. గుద్దే రకం నత్తగుల్లని ఒక్క దెబ్బకి పగలగొట్టేస్తుందట. బాగా ఎదిగి, కోపం వస్తే తొట్టె అద్దానికీ దిక్కు లేదట.

"మనది ఏ రకం?" అని తవిటినాయుడు కళ్ళజోడు సవరించుకుని, దాని మోచెయ్యి చూద్దామని చెంచాతో కాస్త పక్కకి జరపబోయాడు. టక్. చెంచా చేతిలోంచి ఎగిరి నీళ్ళలో పడింది. గుద్దే రకమేనని ఇద్దరూ ఒప్పుకున్నారు.

"పట్టి సముద్రంలో వదిలీద్దాం," అన్నాడు తవిటినాయుడు. "కొత్త చేపలు కొని పెట్టీసుకుంటే ఎవలికీ తెలీదు."

సీసాలో రొయ్యముక్క పెట్టి తొట్టెలో పడుకోబెట్టాడు. అది లోపలికెళ్ళి, ముక్క తిని, అక్కడే పిల్లిమొగ్గ వేసి, వచ్చిన దారినే బయటికొచ్చి మళ్ళీ నమస్కారం పెట్టింది. నీలవేణి పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ అంత హాయిగా ఉండడం మేకులు కొట్టిన రోజు తర్వాత మళ్ళీ అప్పుడే.

"ఉండనీయండి పాపం," అంది. "అది మనింటికి రాలేదు కదా. దాని ఇంట్లో అది ఉంటే, ఇల్లుతోసహా తవ్వి ఇక్కడ పడీసేరు. మనం మారిన కొంపలు మర్సిపోనారేటి?"

అలా అది చిట్టిబాబు అయింది. నీలవేణి జెట్టీ రాళ్ళ మీద నత్తలు ఏరుకొచ్చేది. మార్కెట్టులో బొటనవేలంత పీతలు తెచ్చేది. నీళ్ళలో ఉప్పు తగ్గకుండా, ఎండ వేడి తగలకుండా చూసేది. ఇంట్లో దోమలమందు కొట్టడం మానేసింది. చిట్టిబాబు తిన్న గుల్లలన్నీ తన బొరియ గుమ్మం ముందు కుప్ప పోసుకునేవాడు. "ఒక్కటీ బయట పారీడు, అంతా మీ పోలికే," అని ఆవిడ మొగుణ్ణి దెప్పేది. తవిటినాయుడు ఆఫీసునించి రాగానే అద్దం దగ్గరికెళ్ళి ఆ రోజు ఎవరెవరికి నోటీసులు రాశాడో చెప్పేవాడు. చిట్టిబాబు ఓ కన్నుతో ఆయన్నీ, ఓ కన్నుతో పీతనీ చూస్తూ వినేవాడు. ఆఫీసులో ఎవరూ అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

ఇలా ఉండగా సాగరప్రేమ పర్యవేక్షణాధికారి కూర్మనాథంగారు తనిఖీకి వచ్చారు.

కూర్మనాథంగారు మామూలు తెలుగు మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఇంట్లో భార్యని కాఫీ అడగాలన్నా 'కాఫీ విషయమై' అని మొదలుపెడతారని మండలిలో చెప్పుకుంటారు. ఆయన తొట్టె ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

"తవిటినాయుడుగారూ, సదరు తొట్టెయందు మంజూరైన చేపలకును, దృష్టిగోచరమగుచున్న చేపలకును మధ్య వ్యత్యాసము గమనించడమైనది."

"చిత్తం సార్."

"వ్యత్యాసము ఏ మేరకు?"

"మొత్తం మేరకు సార్."

అంతలో చిట్టిబాబు గుమ్మంలోకి వచ్చి నమస్కారం పెట్టాడు. కూర్మనాథంగారి కనుబొమలు పైకి లేచాయి.

"ఇతను ఎవరు?"

"చిట్టిబాబండీ," అంది కాఫీ తెస్తున్న నీలవేణి.

"ఏ కేటాయింపు కింద ఉన్నారు?"

ఆవిడకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. కూర్మనాథంగారు జేబులోంచి పెన్ను తీసి అద్దం మీద రెండుసార్లు తట్టారు. లోపలినించి 'టక్'మంది. మళ్ళీ తట్టారు. మళ్ళీ టక్. ఆయన మొహం ఎర్రబడింది. "సదరు జీవి విచారణాధికారికి ఎదురు సమాధానము చెప్పుచున్నది," అని, ఎంతవాడో చూద్దామన్నట్టు మూత తీసి పెన్నుని నీళ్ళలోకి దించారు. ఈసారి చప్పుడు కాస్త గట్టిగా వచ్చింది. పెన్ను బయటికి తీసేసరికి పాళీ ఉన్న భాగం లేదు. నీళ్ళు కాస్త నీలంగా మారాయి.

"అయ్యయ్యో, సిరా! వాడికి సిరా పడదండీ!" అని నీలవేణి కాఫీ కప్పు అక్కడే పడేసి, చెంబుతో నీళ్ళు తోడడం మొదలుపెట్టింది.

విరిగిన పెన్ను చూసుకుంటూ కూర్మనాథంగారు తీర్పు చెప్పారు. "చేపలు లేకపోవుట ప్రేమకు సంబంధించిన విషయము. దానిని విడిగా తేల్చెదము. కానీ మండలి తొట్టెలో, మండలి రాతిలో, మండలి అనుమతి లేకుండా నివసించుట ఆక్రమణ. నిర్ణీత గడువులో ఆక్రమణదారు స్వచ్ఛందముగా వైదొలగనిచో, సదరు రాతిని పగలగొట్టి తొలగించబడును. ఫైలు సంబంధిత సెక్షనుకు పంపబడును."

సంబంధిత సెక్షను అంటే తవిటినాయుడే. మర్నాడు ఫైలు ఆయన బల్ల మీదికి వచ్చింది. ఆయన చేతులు అలవాటు తప్పలేదు. 'శ్రీ చిట్టిబాబు, తండ్రి పేరు తెలియదు, నివాసం ఎడమవైపు రాయి, గాజుతొట్టె, కేరాఫ్ తవిటినాయుడు, బి-బ్లాకు' అని నోటీసు రాసి, పైవాళ్ళ సంతకం తీసుకుని, రూలు ప్రకారం ఆక్రమణదారుకి కనబడేలా తొట్టె అద్దానికి అంటించాడు. చిట్టిబాబు బయటికొచ్చి, ఒక కన్ను పై లైను మీద, ఒక కన్ను కింది లైను మీద పెట్టి చదివాడు. చదివి, లోపలికెళ్ళి పడుకున్నాడు.

నీలవేణి మాత్రం పడుకోలేదు. "ఊళ్ళో వాళ్ళకి రాసి రాసి, ఆఖరికి ఇంట్లో వాడికి కూడా రాసీసేరు. మీ చెయ్యి పడిపోదేటి?" అని ఏడ్చింది. "ఆ రాయి పగలగొడితే వాడు బతుకుతాడా? నోరూ వాయీ లేనోడు, ఎవలికి చెప్పుకుంటాడు?"

ఆ మాటకి తవిటినాయుడు ఉలిక్కిపడ్డాడు. ప్రతి నోటీసు అడుగునా 'అభ్యంతరములున్నచో తెలుపుకొనవచ్చును' అని ఆయనే రాస్తాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కడూ తెలుపుకోలేదు. ఆ భాష ఎవడికీ అర్థం కాకుండా రాయడమే కదా ఆయన పని. ఇప్పుడు మొట్టమొదటిసారి, ఆ భాష వచ్చినవాడు ఆక్రమణదారు పక్షాన ఇంట్లో ఉన్నాడు.

"నీలా, ఆ రోజు ఏమన్నావు? ఇల్లుతోసహా తవ్వి పడీసేరనా?"

"మరేటి, కాదేటి?"

తవిటినాయుడు కుర్చీ జరుపుకుని కూచున్నాడు. చిట్టిబాబు తరఫున జవాబు రాశాడు. సదరు రాయి సముద్రగర్భమున ఉన్ననాటినుండి తాను అందు నివసించుచున్నాననీ, మండలివారే జెట్టీ ప్రాజెక్టు నిమిత్తము తనను ఇంటితో సహా పెకలించి తెచ్చిరనీ, కావున తాను ఆక్రమణదారును కాననీ, ప్రాజెక్టు నిర్వాసితుడననీ అందులో ఉంది.

ఆ జవాబు చూసి మండలిలో కలకలం పుట్టింది. జవాబు బలం కన్నా సమయం బలం ఎక్కువ. మండలి వార్షికోత్సవం దగ్గరికొస్తోంది. జెట్టీ కోసం కూలగొట్టిన పేటల జనం ఇళ్ళు ఇస్తామన్నారు కదా అని ఏళ్ళ తరబడి గేటు దగ్గర కూచుంటున్నారు. కనీసం ఒక్క నిర్వాసితుడికైనా ఉత్సవంలో తాళంచెవి ఇస్తే బాగుంటుందని అధ్యక్షులవారికి కోరిక. కానీ వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక రుజువు తక్కువైంది. ఉన్న ఇల్లు చూపించమంటే, మీరే కూలగొట్టేశారు కదా బాబూ అంటారు. కూలిన ఇంటిని పరిశీలించే అధికారం మండలికి లేదు.

సమావేశంలో అధ్యక్షులవారు జవాబు చదివించుకుని బల్ల మీద గుద్దారు. "చూశారా! పోగొట్టుకున్న ఇంటిని రుజువుగా చూపించగలిగిన నిర్వాసితుడు ఈయనొక్కడే! ఇల్లు మన కస్టడీలోనే ఉంది. ఇంతకన్నా అర్హుడు ఎవరు?"

అందరూ చప్పట్లు కొట్టారు. మినిట్స్ రాస్తున్న తవిటినాయుడు కూడా పెన్ను పక్కన పెట్టి కొట్టాడు. పాపం, అదే ఆయన చేసిన పొరపాటు.

"అయితే ఒక క్వార్టరు కేటాయించండి," అన్నారు అధ్యక్షులవారు.

"ఖాళీ క్వార్టర్లు లేకపోయినవి," కూర్మనాథంగారు లేచారు. "కానీ లబ్ధిదారు ప్రస్తుతము బి-బ్లాకు కింద వాటాలో నివసించుచున్నారు. వారిని మరొకసారి నిర్వాసితుని చేయుట అమానుషము. అదే క్వార్టరును వారి పేర కేటాయించవచ్చును. అక్కడ నివసించు ఉద్యోగికి చేపల విషయమై సాగరప్రేమ లేదని నివేదిక సిద్ధముగా ఉన్నందున, అతనిని ఖాళీ చేయించినచో రెండు ఫైళ్ళు ఒకేసారి ముగియును."

రెండు ఫైళ్ళు ఒకేసారి ముగియడం మండలి చరిత్రలో లేదు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. తవిటినాయుడు కొట్టలేదు. ఆ సాయంత్రం ఆయన తన పేర తనే నోటీసు రాసుకున్నాడు. అనధికార నివాసి అన్న మాట దగ్గర కూడా అక్షరం గుండ్రంగానే పడింది.

ఇంటికొచ్చి చెబితే నీలవేణి ముందు పడీపడీ నవ్వింది. "మనింటికి మన చిట్టిబాబు ఇంటాయనయ్యేడా! మేకులు కొట్టొద్దంటాడేటి?" అంది. నవ్వుతూ నవ్వుతూ గోడల వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. లోపల్నుంచి సుత్తి తెచ్చి, దాని వెనక కొక్కెంతో ఒక మేకు పీకబోయి, పీకలేక, గోడకి ఆనుకుని కూలబడింది. తవిటినాయుడు పక్కన కూచుని ఆవిడ చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు.

దానికితోడు చిట్టిబాబు తిండి మానేశాడు. పీతని వేస్తే చూడడం లేదు. గులకరాళ్ళు ఒక్కొక్కటే తెచ్చి గుమ్మానికి అడ్డంగా పేర్చుకుని లోపలే ఉండిపోయాడు. ఉత్సవం రోజు పొద్దున్నే నీలవేణి కెవ్వున కేకేసింది. రాయి ముందు చిట్టిబాబు పడి ఉన్నాడు. చేతులు మడుచుకునే ఉన్నాయి, తోక విచ్చుకునే ఉంది, కళ్ళు రెండూ కాడల మీదే ఉన్నాయి. కానీ కదలిక లేదు.

మెల్లిగా పైకి తీసింది. బరువు లేదు. వెలుతురుకి పట్టి చూస్తే అవతలి కిటికీ కనబడింది. అప్పుడు ఆవిడకి వీడియోలో చూసింది గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. "కుబుసమండీ! పాము విడిచినట్టు విడిచీసేడు. దీన్ని బయటికి తోసీసి, మళ్ళీ రాళ్ళు అడ్డెట్టుకుని లోపల ఉన్నాడు. ఇప్పుడు ఒళ్ళంతా మెత్తగా వెన్నలాగుంటాడు. కొన్నాళ్ళు ఎవలూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దక్కడు." కుబుసాన్ని చిన్న పళ్ళెంలో పెట్టి, మీద బోర్లించిన గ్లాసు పెట్టింది.

కాసేపటికే అధ్యక్షులవారు వచ్చేశారు. గుమ్మానికి మామిడాకులు, వెనకాల ఫొటోలవాళ్ళు, ముందు వెండిపళ్ళెంలో తాళంచెవి. హాలంతా మండలి ఆఫీసర్లతో నిండిపోయింది.

"లబ్ధిదారుని హాజరుపరచవలసినది," అన్నారు కూర్మనాథంగారు.

"లోపల పడుకున్నాడండీ. ఇప్పుడు లేపకూడదు," అంది నీలవేణి.

"అధ్యక్షులవారు విచ్చేసిన సమయమున నిద్రించుట నిబంధనలకు విరుద్ధము. రాయి బయటకు తీసి రెండుగా పగలగొట్టండి. ఫొటో అనంతరము తిరిగి అతికించవచ్చును."

అటెండరు సుత్తి కోసం చుట్టూ చూశాడు. సుత్తి గోడ వారనే ఉంది. నీలవేణి రెండు చేతులూ చాపి తొట్టెకి అడ్డంగా నిలబడింది. "నా మీంచి వెళ్ళండి," అంది.

కూర్మనాథంగారు తవిటినాయుణ్ణి పక్కకి లాగి చెవిలో చెప్పారు. "సహకారము విషయమై. సి-బ్లాకులో మేడ మీది వాటా త్వరలో ఖాళీ అగుచున్నది. ఆవిడను పక్కకు తప్పించినచో మీ పేరు సిఫారసు చేయబడును."

మేడ మీది వాటా. దానికి బాల్కనీ ఉంది. గాలి వస్తుంది. తవిటినాయుడు గోడలకున్న మేకుల వైపు చూశాడు. చేతులు చాపి నిలబడ్డ భార్యని చూశాడు. గుమ్మానికి గులకరాళ్ళు పేర్చుకుని, మెత్తటి ఒంటితో లోపల నక్కినవాడు గుర్తొచ్చాడు. తను నోటీసులు అంటించిన పాకల్లో, తలుపు వేసుకుని లోపల కూచున్నవాళ్ళందరూ గుర్తొచ్చారు. నేరుగా వెళ్ళి గ్లాసు తీసి, పళ్ళేన్ని రెండు చేతులా అధ్యక్షులవారి ముందు పెట్టాడు.

"సార్," అన్నాడు. "చిట్టిబాబుగారు ఇక లేరు."

అధ్యక్షులవారు పళ్ళెంలోకి తొంగిచూశారు. చిట్టిబాబు చేతులు మడిచి ఆయనకి నమస్కారం పెడుతున్నాడు.

"ఆఖరి క్షణంలో కూడా..." అని అధ్యక్షులవారు కళ్ళజోడు తీశారు. అందరూ రెండు నిమిషాలు మౌనం పాటించారు. మౌనం మధ్యలో రాతిలోంచి ఏదో కదిలిన చప్పుడయితే, నీలవేణి ఘొల్లుమని ఏడ్చి దాన్ని కప్పేసింది. అధ్యక్షులవారు ప్రసంగించారు. "మండలి ఒక నిర్వాసితుణ్ణి కాదు, ఒక కుటుంబసభ్యుణ్ణి కోల్పోయింది. ఇల్లు వచ్చిన రోజే ఆయన పోవడం విధి వైపరీత్యం. మనం ఇంకొంచెం ముందుగా ఇచ్చి ఉండవలసింది." గేటు దగ్గర కూచున్నవాళ్ళ ముందు కూడా ఆయన ఈ మాట ఎప్పుడూ అనలేదు.

ఇంతా అయ్యాక వెండిపళ్ళెంలో తాళంచెవి మిగిలిపోయింది. ఫొటో తీయకుండా దాన్ని వెనక్కి పట్టుకెళ్ళడం కుదరదు. కూర్మనాథంగారికి చెమటలు పట్టాయి. "లబ్ధిదారు దివంగతులైన పక్షమున, వారితో ఒకే కప్పు కింద నివసించి, వారి పోషణ చూచిన కుటుంబీకులకు సంక్రమించును," అని గుర్తుచేసుకుని, నీలవేణి వైపు తిరిగారు. "మృతునికి మీరు ఏమగుదురు?"

"కన్నతల్లిలాగ చూసుకున్నానండీ."

"లాగ అను బంధుత్వము రూల్సులో లేదు."

"అయితే తల్లినే," అంది నీలవేణి. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆవిడ నిజంగానే ఏడ్చింది.

తాళంచెవి ఆవిడ చేతిలో పడింది. ఫొటోలు తీశారు. కుబుసాన్ని పట్టుగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి, మండలి హాల్లో గాజుపెట్టెలో పెట్టి, దండ వేశారు. కింద 'మండలి పునరావాసం కల్పించిన తొలి నిర్వాసితుడు' అని రాయించారు.

కొన్నాళ్ళకి గులకరాళ్ళు ఒక్కొక్కటీ పక్కకి జరిగాయి. చిట్టిబాబు బయటికొచ్చాడు. మునుపటికన్నా కాస్త పొడుగయ్యాడు, పచ్చదనం నిగనిగలాడుతోంది. ఓ కన్నుతో తవిటినాయుణ్ణి, ఓ కన్నుతో నీలవేణిని చూసి, చేతులు మడిచి నిలబడ్డాడు. నీలవేణి మార్కెట్టుకి పరిగెత్తి, ఉన్నవాటిలో మంచి పీతని ఏరి తెచ్చింది. తవిటినాయుడు మాత్రం భయంతో చచ్చిపోయాడు. మళ్ళీ తనిఖీ వస్తోంది.

ఈసారి కూర్మనాథంగారు ఒంటరిగా వచ్చారు. తొట్టె ముందు నిలబడ్డారు. చిట్టిబాబు దాక్కోలేదు. నడి తొట్టెలో నిలబడి నమస్కారం పెట్టాడు. కూర్మనాథంగారు చాలాసేపు చూశారు. ఇతను బతికున్నాడని రాస్తే అధ్యక్షులవారు పాటించిన మౌనం అబద్ధమవుతుంది, హాల్లో దండ అబద్ధమవుతుంది, ముగిసిన రెండు ఫైళ్ళూ లేచి కూచుంటాయి. తవిటినాయుడు గోడకున్న మేకు పట్టుకుని నిలబడ్డాడు.

టక్.

"ఆ శబ్దము ఏమి?" అన్నారు కూర్మనాథంగారు.

"సముద్రం సార్," అన్నాడు తవిటినాయుడు.

కూర్మనాథంగారు తల పంకించి పైకి చెబుతూ రాశారు. "బి-బ్లాకు కింద వాటాలో సముద్రము ఉన్నది. వినబడుచున్నది కూడా. సాగరప్రేమ సంతృప్తికరము." సంతకం చేసి, పెన్ను జాగ్రత్తగా లోపలి జేబులో పెట్టుకున్నారు. వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగారు. అటూ ఇటూ చూసి, నీలవేణి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"అమ్మా, మా ఇంట్లో కూడా పసుపుచారల చేప కనబట్టం లేదమ్మా. నిన్నటినించీ టక్‌మంటోంది. మా ఆవిడ నేనే ఏదో చేశానంటోంది. వాడికి ఏం పెట్టమంటారు?"

నీలవేణి ఆయన మొహంలోకి చూసి, కుర్చీ జరిపింది.

"కూసోండి బాబూ," అంది. "ముందు మోచెయ్యి ఎలగున్నాదో చెప్పండి."